తాడువిప్పినగుండు గరుడ కేతనం

తాడువిప్పినగుండు చెన్నకేశవస్వామి గుడికి మెట్లు నూట పన్నెండు. ఎక్కి ఆయాసపడుతూనే భక్తులు అడిగేది ఒక్కటే: జెండా మీది గరుడ పక్షి కాలికి ఆ దారం ముక్క ఏమిటని. కాస్త కూర్చోండి, చెబుతాం.

పూర్వం ఇక్కడ కొండప నాయనివారనే పాలెగారు ఏలుబడి చేసేవారు. ఇరుగుపొరుగు పాలెగాళ్ళ జెండాల మీద సింహాలూ వరాహాలూ ఉంటే, తనకేమీ లేదని ఆయనకు మహా వెలితిగా ఉండేది. తన రాజ్యానికి గరుడ పక్షే గుర్తని నిర్ణయించి, ఒక పక్షిని పట్టించి ఈ కొండ మీది గుండురాతికి తాడుతో కట్టించారు. బట్ట మీద కలంతో బొమ్మలు వేసే సుంకులమ్మను పిలిపించి, "ఉన్నది ఉన్నట్టు గీయాల. ఈక తప్పినా ఊరుకోను" అన్నారు.

సుంకులమ్మ గుడ్డను కరక్కాయ కలిపిన బర్రెపాలలో నానబెట్టి, ఆరేసి, మూడు దినాలు పక్షి ఎదుట కూర్చుంది. ఆ మూడు దినాలూ అది మాంసం ముక్క ముట్టలేదు. దాని జోడు పక్షి పైన తిరుగుతూ అరుస్తూనే ఉంది.

విజయదశమి కొలువులో జెండా ఎత్తారు. ఈకలన్నీ సరిగ్గా ఉన్నాయి. కాలికి తాడూ ఉంది! వచ్చిన పాలెగాళ్ళు పకపకా నవ్వారు. నాయనివారికి తల కొట్టేసినట్టయింది. సుంకులమ్మ కుడిచెయ్యి నరకమన్నారు.

ఆమె భయపడలేదని చెబితే అబద్ధమే. అయినా చెయ్యి చాపి, "చూసిందే గీసినాను దొరా. తాడు వద్దంటే విప్పాల్సింది మీరు. తిండి మానేసి చచ్చే పక్షి మన రాజ్యానికి గుర్తయితే, ఇంక జనం గతేంది?" అంది.

 నాయనివారు కొలువు దిగి కొండెక్కి, ఇంకా కట్టే ఉన్న పక్షి ముడి స్వయంగా విప్పారు. పక్షి రెండుసార్లు తూలిపడి, మూడోసారి లేచి జోడును కలుసుకుంది. విప్పమని స్వామి ఆయన కలలో ఆనతిచ్చాడని కొందరంటారు. కలా లేదు, గిలా లేదు, సుంకులమ్మ నోరే స్వామి నోరని మా పెద్దల మాట. నాయనివారు ఆ గుండు మీదే స్వామికి గుడి కట్టించారు.

సుంకులమ్మ కొత్త జెండా వేసింది. ఈసారి పక్షి ఎగురుతోంది. అయినా కాలికి ఒక దారం కుట్టి, "మీ చేత్తో కోయండి దొరా, లేకుంటే మరిచిపోతారు" అంది.

నేటికీ బ్రహ్మోత్సవాలకు సుంకులమ్మ ఇంటి ఆడపడుచే జెండా వేసి, దారం కుట్టి తెస్తుంది. చెరలో ఉన్నవారి కోసం, కోర్టుల చుట్టూ తిరిగేవారి కోసం మొక్కుకున్నవాళ్ళు ఆ వేళకు తప్పక వస్తారు. స్వామి వారి చిక్కులు విప్పుతాడని నమ్మకం. ధర్మకర్త కత్తెర పట్టుకుని, "తల్లీ, ఇది ఎగురుతుందా?" అని అడగాలి. ఎంతటి పెద్దలు వచ్చి నిలబడినా, ఆమె జవాబు చెప్పి దారం తెగేదాకా జెండా పైకి వెళ్ళదు.

"విప్పితే ఎగురుతుంది" అంటుందామె.