మొగ్గ మీదున్న సంపెంగ

"తాతాజీ! ఒరేయ్ తాతాజీ! ఉన్నావా, ఆ గులాబీల్లో కలిసిపోయావా?"

కాలవ గట్టు మీద నిలబడి రత్నమాణిక్యంగారు కేకేస్తే, ఆ కేక నీళ్ళ మీద జారి అవతలి గట్టుదాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆవిడకి తునిలో మొక్కల కొట్టుంది. వానలు మొదలయ్యాయంటే ప్రతి బుధవారం కడియం వచ్చి, మా వీర్రాఘవులుగారి నర్సరీలో మొక్కలు ఏరుకుని, అద్దె బండికెత్తించుకుని పోతారు. మనిషి భారీ, నవ్వు ఇంకా భారీ. ఆవిడ నవ్వితే పాక చూరు మీది పిచ్చికలు లేచి పోవడం నేను నా కళ్ళతో చూశాను.

మేం ముగ్గురం ఆడవాళ్ళం పాకలో కూర్చుని సంచుల్లోకి ఎరువుమట్టి నింపుతున్నాం. గులాబీ వరసల మధ్యనుంచి తాతాజీ లేచాడు. వీర్రాఘవులుగారి దగ్గర మొక్కలకి అంట్లు కట్టడం నేర్చుకుంటూ ఎనిమిదేళ్ళుగా ఉన్నాడు. పనిమంతుడు. గురువుగారు ఒకటి చెబితే రెండు చేస్తాడు.

"ఇక్కడేనండి, మాణిక్యమ్మగారూ."

"బండి కొన్నావా?"

"కొంటానండి."

"ఈ కొంటానండి ఉగాదికి విన్నాను. ఏరువాకకీ విన్నాను. బ్యాంకువాళ్ళు సరే అన్నారా?"

"ఆయ్, ఎప్పుడో అన్నారండి."

"లైసెన్సుందా?"

"జేబులోనే ఉందండి."

"మరి ముహూర్తం ఎవరు పెట్టాలి, నేనా?"

తాతాజీ చెవి వెనక గోక్కున్నాడు. "అది కాదండి. దసరాకి అదే బండి కొత్త రూపులో వస్తుందంటండి. ముఖం మారుస్తారంట. వెనక లోడు తొట్టి జానెడు పొడుగవుతుందంట. లైట్లు పిల్లి కళ్ళలా ఉంటాయంట. ఇంకా ఏవేవో పెడతారంటండి. ఇప్పుడు కొనేశామనుకోండి, మూణ్ణెల్లకే మనది పాతదైపోతుంది."

"పిల్లికళ్ళతో నాకేం పనిరా? నా మందారాలు నీ బండి ముఖం చూసి మనసిస్తాయా ఏంటి?"

మేం నవ్వాం. కానీ నిజం చెప్పాలంటే ఆ కొత్త బండి మీద మాకూ కొంచెం మోజుండేది. తాతాజీ ఫోనులో దాని బొమ్మ ఉంది. కంపెనీవాళ్ళు ఇంకా ఎవరికీ చూపించలేదట. ఒళ్ళంతా నల్లగుడ్డ కప్పి రోడ్డు మీద నడిపి చూస్తుంటే ఎవరో తీశారట. అన్నం తినేటప్పుడు కూడా ఆ బొమ్మ ముందు పెట్టుకునేవాడు. ముసుగులో ఉన్నదాన్ని తలుచుకుంటే ఎవరికైనా మనసు ఊగుతుంది కదా. నేను కూడా రెండు మూడుసార్లు అడిగి మరీ చూశాను. ఆ గుడ్డ కింద ఏ రంగుందో అని ఒక మధ్యాహ్నమంతా ఆలోచించాను.

రత్నమాణిక్యంగారు నవ్వు ఆపి, గట్టు దిగి దగ్గరికొచ్చారు.

"ఇదిగో అబ్బాయ్, సరదా కాదు. మా అద్దె బండివాడు వచ్చేవారం నుంచి రానన్నాడు. నువ్వు బండితో వస్తే ఏడాది పొడుగునా నా లోడంతా నీదే. ఇంకెవర్నీ అడగను. నీకు మొక్క తెలుసు, ఎత్తడం తెలుసు, దించడం తెలుసు. అందుకే ఇన్నాళ్ళు ఆగాను. ఇంక ఆగలేను. సాయంత్రం పోతూ పోతూ, నీ మాట తేలకపోతే జేగురుపాడు అబ్బులుకి మాటిచ్చేస్తాను. తర్వాత నా మీద అలిగి లాభం లేదు."

అని క్రోటన్ల వైపు వెళ్ళిపోయారు. తాతాజీ కాసేపు అక్కడే నిలబడ్డాడు. సొంత బండి మీద పచ్చని మొక్కలు తల ఊపుతుంటే హైవే మీద వెళ్ళాలని వాడెన్ని సార్లు చెప్పాడో మాకు తెలుసు. ఆ బండి వెనక రాయించాల్సిన పేరు కూడా అనుకుని ఉంచాడు, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. అదంతా ఒక్క సాయంత్రం మీదికి వచ్చి కూర్చుంది.

చివరికి నేరుగా గురువుగారి దగ్గరికి నడిచాడు.

వీర్రాఘవులుగారు నీడ పందిరి కింద పీట మీద కూర్చుని మామిడంట్లు కడుతున్నారు. అంటు చుట్టే ప్లాస్టిక్ పట్టీని పళ్ళ మధ్య పట్టుకోవడం ఆయనకి అలవాటు. నోట్లో పట్టీ ఉన్నంతసేపూ మాట్లాడరు. ప్రశ్న సులువైతే పట్టీ తీసి జవాబిస్తారు. కష్టమైతే ఇంకో అంటు అందుకుంటారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఆ పట్టీని చూసే తమ ప్రశ్న బరువు తెలుసుకునేవాళ్ళు.

"గురువుగారూ, మీరు చెప్పండి. ఉన్న బండి కొనేయమంటారా, కొత్త రూపుది వచ్చేదాకా ఆగమంటారా?"

గురువుగారు ఒక అంటు చుట్టారు. ముడేశారు. ఇంకోటి అందుకున్నారు. దాన్నీ చుట్టారు. తాతాజీ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. మూడో అంటు పూర్తయ్యాక ఆయన తల తిప్పి, క్రోటన్ల దగ్గరున్న ఆవిణ్ణి పిలిచారు.

"మాణిక్యమ్మా, ఇవాళ ప్రత్యేకంగా ఏమన్నా కావాలన్నావు?"

"సంపెంగ బాబాయ్! ఎవరిదో గృహప్రవేశం. నిలువెత్తుండాలి, పూలతో ఉండాలి అన్నారు."

"చివరి వరసలో ఉందిగా. తాతాజీ, పట్టుకురా."

తాతాజీ మొహం చిన్నబోయింది. తన ప్రశ్న గురువుగారి చెవిన పడలేదనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం.

ఆ సంపెంగ గురించి చెప్పాలి. ఒక్క మొక్కే అయినా ఆ వరసంతా దాని వాసనే. పొద్దున్నే పనిలోకి వస్తుంటే గట్టు మలుపులోనే ఎదురొచ్చేది. ఎవరో మనకోసం ఎదురుచూస్తున్నట్టుండేది. పసుపు పూలు, ఆకుల చాటున సగం దాక్కుని. దాన్ని తాతాజీయే పెంచాడు. అందుకని ప్రేమగానే వెళ్ళి, సంచి రెండు చెవులూ పట్టుకుని ఎత్తాడు.

మొక్క లేవలేదు.

మోకాళ్ళు వంచి మళ్ళీ ఎత్తాడు. లేవలేదు. "ఏంటే, రానంటావా?" అని దాంతోనే మాట్లాడి, ఊపిరి బిగించి ఒక్క గుంజు గుంజాడు. సంచి చెవి తెగి చేతిలోకొచ్చింది. తాతాజీ వెళ్ళి బురదలో కూలబడ్డాడు. సంపెంగ ఒకటి రెండు ఆకులు రాల్చి, ఏమీ ఎరగనట్టు అక్కడే నిలబడింది.

రత్నమాణిక్యంగారి నవ్వుకి పిచ్చికలు మళ్ళీ లేచాయి.

గురువుగారు పట్టీ పక్కన పెట్టి వచ్చారు. వంగి సంచి అడుగున చెయ్యి పెట్టి తడిమారు. మా పనిలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. సంచిలో మొక్కని రెండు నెలలకోసారి ఎత్తి పక్కకి జరపాలి. జరపకపోతే అడుగు చిల్లుల్లోంచి వేరు బయటికొచ్చి నేలలోకి దిగిపోతుంది. అప్పుడది అమ్మకానికున్న మొక్క కాదు, అక్కడి చెట్టు. ఆ వరస జరిపే పని తాతాజీది. అన్నీ జరిపాడు, ఈ ఒక్కటి తప్ప.

"ఎన్నాళ్ళయిందిరా దీన్ని కదిపి?"

తాతాజీ బురదలోనే కూర్చుని అన్నాడు. "పోయినేడు వానల్లోనండి. మళ్ళీ జరపబోయేసరికి మొగ్గ మీదుందండి. కదిపితే మొగ్గ రాలిపోద్దని, పూత అయ్యాక జరుపుదామని ఆగాను."

"పూత అయిందా?"

"అయిందండి. అయ్యేసరికి మళ్ళీ మొగ్గేసింది."

"తర్వాత?"

"తర్వాత కూడా అంతేనండి."

గురువుగారు తల ఊపారు. కోపం లేదు. "దాని పని అది చేసుకుపోయింది," అని నడుముకున్న కత్తి తీసి తాతాజీ చేతిలో పెట్టారు. "వేరు కోసి, ఆకు సగం దూసి నీడలో పెట్టు. నెల రోజుల్లో తేరుకుంటుంది."

తాతాజీ కత్తి పట్టుకుని సంపెంగ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పైకి చూశాడు. కొమ్మకొమ్మకీ మొగ్గలు, సన్నగా, విచ్చుకోవడానికి సిద్ధంగా.

"గురువుగారూ, ఇప్పుడు కోస్తే ఇవన్నీ రాలిపోతాయి కదండీ. ఒక్క పదిహేను రోజులు ఆగితే ఈ పూత అయి..."

అక్కడితో ఆగిపోయాడు. కాలవలో నీళ్ళు పోతున్న చప్పుడు వినిపించింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు తాతాజీ మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. అప్పుడు రత్నమాణిక్యంగారు చీర కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు గానీ నవ్వు ఆగలేదు. వాడికీ ఆగలేదు. నవ్వుతూనే వంగి, సంచి కింద కత్తి దూర్చి కోశాడు. బొటనవేలంత వేరు. కోసిన చోట తెల్లగా, తడిగా ఉంది.

సంపెంగని తాతాజీ, నేనూ చెరో పక్క పట్టి నీడలోకి మోశాం. దారి పొడుగునా పూలు రాలాయి. వాటిని మేం ముగ్గురం ఏరి జడల్లో పెట్టుకున్నాం. తాతాజీ చూసి కొంచెం నొచ్చుకున్నాడు.

"మరి గృహప్రవేశానికెలాగమ్మా?" అన్నారు గురువుగారు.

"ఆ పక్కన పొట్టిది ఉంది కదా బాబాయ్, అదే ఇప్పించు. ఒక్క పువ్వుంది, చాలు. మిగతాది వాళ్ళింట్లో పూస్తుంది."

పొట్టి సంపెంగని తాతాజీ ఒంటి చేత్తో ఎత్తుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. పెట్టి వెళ్ళిపోలేదు. గురువుగారు కాలవ మెట్టు మీద కూర్చుని చేతులు కడుక్కుంటుంటే ఆయన పక్కనే వెళ్ళి నిలబడ్డాడు.

"నా బండి సంగతి చెప్పలేదండి మీరు."

ఆయన చేతులు విదిలించి, వాడి మొహంలోకి చూసి అడిగారు. "నువ్వు ఆగింది కొత్త బండి కోసమేనా?"

తాతాజీ చెవులు మందారం రంగుకొచ్చాయి. నీళ్ళ వైపు తిరిగి, నీళ్ళకి చెబుతున్నట్టు చెప్పాడు.

"కాదండి. నాకు బండి వెనక్కి నడపడం రాదండి."

ఎవరికీ ఒక నిమిషం అర్థం కాలేదు.

"ముందుకైతే తుని కాదు, విశాఖపట్నమైనా పోతానండి. వెనక్కి మాత్రం రాదు. ఎటు తిప్పితే ఎటు పోతుందో తెలీదు. లైసెన్సు పరీక్షనాడు ఆ సారు టీ తాగుతూ వెనక్కి పెట్టించడం మర్చిపోయారు. ఈ గట్టు మీద బండి తిప్పుకునే చోటు లేదు కదండీ. లోడెత్తాక వంతెనదాకా వెనక్కే రావాలి. ఒక పక్క కాలవ. మొక్కల్తో సహా అందులోకి దిగితే ఊరంతా చూస్తారు. కొత్త మోడల్‌కి వెనకాల కెమెరా పెడతారంటే... అది వస్తే గండం గడుస్తుంది కదా అని."

రత్నమాణిక్యంగారు అక్కడే ఉన్న ఖాళీ కుండీ బోర్లించుకుని దాని మీద కూర్చుండిపోయారు.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇందుకా ఉగాది నుంచీ నన్ను తిప్పుతున్నావు? పిల్లికళ్ళట, జానెడు తొట్టట! ముందే చెప్పి ఏడవచ్చు కదరా. నేను దిగి వెనక నిలబడి రానీ రానీ అంటాను. నా గొంతు నీకు కెమెరా కంటే బాగా తెలుస్తుంది."

"నిజంగా నిలబడతారా అండి?"

"నిలబడతాను. కాలవ వైపే నిలబడతాను. నువ్వు పడాలంటే ముందు నన్ను దాటాలి, అది నీ వల్ల కాదు."

తాతాజీ నవ్వాడు. జేబులోంచి ఫోను తీశాడు. ముసుగు బండిని చూస్తాడేమో అనుకున్నాను. షోరూమువాడికి ఫోను చేసి, ఉన్న బండే తీసుకుంటానని, రేపు పొద్దున్నే వస్తానని గట్టిగా చెప్పాడు. ఆ గట్టిదనం ఫోను పెట్టేదాకానే ఉంది. పెట్టగానే గురువుగారి వైపు తిరిగాడు.

"సరిగ్గా రానిదాన్ని నెత్తినెత్తుకుంటున్నానంటారా, గురువుగారూ?"

వీర్రాఘవులుగారు లేచి పంచె దులుపుకున్నారు. ఇటు చూశారు, అటు చూశారు. మేం విన్నా ఫరవాలేదనుకున్నారో ఏమో, గొంతు మాత్రం కొంచెం తగ్గించారు.

"నలభై ఏళ్ళుగా ఈ గట్టు మీద సైకిలు తొక్కుతున్నాను కదరా. దిగడం నాకింకా రాదు. పాక గుంజ చేతికందితే ఆగుతాను, అందకపోతే ఇంకో చుట్టు తిరిగొస్తాను."

ఆగి, కొంచెం సిగ్గుపడుతూ అన్నారు.

"ఎక్కడం ఒకటే నేర్చుకున్నాను."