ఓర్వనమ్మ దిబ్బ

గోదావరి రెండు పాయల నడుమ ఉన్న మొగలిలంక పట్టణంలో రేవు దాటించే పంటు దిగి తూర్పుగా నడిస్తే, ఊరంతటికీ ఉన్న ఒకే ఒక్క శ్మశానం కనిపిస్తుంది. దీనికి కులానికో గోడ లేదు, మతానికో వాకిలి లేదు. వరదలో ఊరు మునిగినా ఇది మునగదు. దీనిని ఓర్వనమ్మ దిబ్బ అంటారు.

పూర్వం ఇక్కడ చచ్చినవారికీ కులాలుండేవి. ఏటి ఒడ్డున మెరక నేల భూస్వాములది. మాలపల్లె వారికి వదిలింది నీరు నిలిచే గుంట. తమవారిని పూడ్చిన ప్రతిసారీ వారు ఏటి నుంచి గంపలతో ఒండ్రు మోసి అందులో పోశారు. తరాలు గడిచాయి, గుంట దిబ్బ అయింది. దీనిని దైవలీల అనడం శ్రమకు ద్రోహం.

ఒక ఏడు పెద్ద వరద ఒడ్డును కోసేసింది. భూస్వామి భార్య వెంకాయమ్మ అయిదేళ్ల కొడుకు సమాధి, పాలరాతితో సహా, ఏట్లో కలిసిపోయింది. ఆమెకు మిగిలింది బిడ్డ వెండి మొలతాడు ఒక్కటే. దిబ్బ మీద మాత్రం మాలపల్లె పడవవాని భార్య పల్లాలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి, చనిపోయిన మగని గోరీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. మేడ మీది నుంచి వెంకాయమ్మ అది చూసేది. చూసి చూసి అన్నం మానేసింది. తనకు లేని చోటు ఆ మనిషికెందుకు? ఒకనాడు కూలీలను, పారలను వెంటబెట్టుకుని దిబ్బ ఎక్కింది.

"చదును చేయండి" అంది.

పల్లాలమ్మ గోరీ మీద బోర్లా పడింది. "నా పెనిమిటిని తవ్వేత్తే మీ బాబు తిరిగొత్తాడా అమ్మగోరూ?"

"రాడు. నువ్వు మాత్రం ఇలా కూర్చోకూడదు."

"ఓర్వలేకపోతన్నారా? నేనూ ఓర్వలేదండి. మీ బాబుకి పాలరాయి ఏసిన రోజున, నా మగడికి గులకరాయైనా లేదని మీ గుమ్మం కేసి ఉమ్మేసేను."

కూలీలు పారలు పక్కన పడేశారు.  వెంకాయమ్మ పిడికిలి విప్పి మొలతాడు చూపింది. "వీడికి చోటిస్తావా?"

"ఇత్తాను. ముందో గంప ఒండ్రు మీ నెత్తినెట్టుకుని తెచ్చి నా మగడి మీద పొయ్యండి. ఆ తరవాతే మీ బాబుకి."

వెంకాయమ్మ గంప ఎత్తింది. మొలతాడును పడవవాని పక్కన పూడ్చారు. మర్నాడు పల్లాలమ్మ పిల్లవాని మీద రెండు గంపలు పోసింది. వెంకాయమ్మ అదీ ఓర్వలేక పడవవాని మీద మూడు పోసింది. "నీ మొగుడు నా కొడుకు కంటే పల్లంలో ఉంటే నాకు నామోషీ కాదటే!" అనేది. బతికినన్నాళ్లూ ఇద్దరూ పంతం వదల్లేదు. అసూయ తగ్గలేదు, దిబ్బ పెరిగింది. ఒడ్డున మెరక కోల్పోయిన ఊరివారూ గంప ఎత్తి తమవారిని అక్కడికే తెచ్చారు. ఓర్వనమ్మ అంటే వెంకాయమ్మేనని ఊరివారు, కాదు పల్లాలమ్మేనని మాలపల్లె వారు నేటికీ వాదులాడుకుంటారు.

ఇప్పటికీ ఇక్కడ ఎవరిని సాగనంపినా, ముందుగా తమకు ఏమీ కాని వారి గోరీ మీద గంపెడు ఒండ్రు పోస్తారు. పరాయివారికి మట్టి మోయని ఇంటికి ఇక్కడ గొయ్యి తవ్వరు. అలా మోసినవారి ఓర్వలేనితనం గుండెల్లోంచి చేతుల్లోకి దిగి పనికొస్తుందని పెద్దల మాట. ఈమధ్య కొందరు తమవారికి వేరే గోడ కావాలని అర్జీలు పెడుతున్నారు. వారూ రావచ్చు. గంపలు రేవులోనే ఉంటాయి.