ఎవరు నిలబడినా వంగే త్రాసు

వీరగిరి రాజుగారి కొలువులో తీర్పులు చెప్పేది ఒక త్రాసు. మంత్రి సోమనార్యుడు చేయించాడు. సాక్షులు చెప్పిన ఆనవాళ్ళలో పట్టుబడినవాడికి సరిపోయిన ప్రతిదానికీ పళ్ళెంలో ఒక రాయి వేస్తారు. పళ్ళెం నేలకు తగిలితే వాడు దొంగే. ఆలోచించే శ్రమ తప్పిందని రాజుగారికి ఆ త్రాసంటే మహా ముద్దు.

ఒకసారి పట్టపుటేనుగు మెడలోని బంగారు గంట పోయింది. బుట్టలల్లే ఓబన్నను పట్టుకొచ్చారు. చీకట్లో పొడుగాటి మనిషిని చూశానని ఒక కావలివాడు చెప్పాడు. కిర్రుచెప్పుల చప్పుడు విన్నానని ఇంకొకడు, దగ్గు వినబడిందని మరొకడు చెప్పారు. ఓబన్న పొడుగే. అతని చెప్పులు కిర్రుమన్నాయి. భయానికి దగ్గు కూడా వచ్చింది. మూడు రాళ్ళు పడేసరికి పళ్ళెం నేలకు తగిలింది.

"చెయ్యి నరికించండి ప్రభూ," అన్నాడు మంత్రి.

"చిత్తం," అన్నాడు ఓబన్న. "ఒక్క మనవి దొరా. మంత్రిగారు కాసేపు నా చోట నిలబడాలి. రాళ్ళు మాత్రం కదపొద్దు."

రాజుగారు సరేనన్నారు. పొడుగాటి మంత్రి కిర్రుకిర్రుమంటూ వచ్చి నిలబడి, ఏదో అనబోయి దగ్గాడు.

"నేను పక్కకు తప్పుకున్నా పళ్ళెం లేవలేదు," అన్నాడు ఓబన్న. "ఇప్పుడు ఏ రాయి తీయమంటారు మంత్రిగారూ?"

మంత్రి తన చెప్పులకేసి చూసుకున్నాడు.

'ఎంత తెలివైనవాడు' అని లోలోపల మెచ్చుకుంటూనే, రాజుగారు తన చెప్పులను మెల్లగా సింహాసనం కిందికి జరుపుకున్నారు.

అవి కిర్రుమన్నాయి.

సభంతా ఆయన వైపు తిరిగింది. రాజుగారు దగ్గు ఆపుకుంటూ, "ఓబన్నను వదిలేయండి," అన్నారు. "ముందు ఆ త్రాసు ఇక్కడినుంచి తీసేయండి."