గోగునార కట్టిన దోసకాయ

ఆ ఏడు వాన మొహం చాటేసింది. వాగు ఒడ్డున కుందేలు నాంచారమ్మ పెట్టిన దోసపాదులన్నీ మాడిపోయి, ఒకదాన్నొకటి అల్లుకున్న రెండు పాదులు మాత్రం మిగిలాయి. ఒకదానికి కాసిందల్లా చేదు విషం. రెండోదానికి ఉన్నది ఒకే ఒక్క మంచి కాయ. దాన్ని విత్తనానికని వదిలేసి, ఎవరూ తెంపకుండా గుర్తుగా తొడిమకు గోగునార ముడి వేసింది. అది పోతే వచ్చే ఏటికి గింజే లేదు, నలుగురు పిల్లల నోట్లో మట్టే. అందుకే పాపం, ఆకు కదిలినా దాని గుండె గుభేలుమనేది.

సరిగ్గా అప్పుడే దిగబడింది నక్క గవరయ్య.

"ఏం కోడలా, నార కట్టిన కాయ బాగా పండుతోందే! రుచి చూశావా?"

"విత్తనం కాయ మామా. ఎలా కొరుకుతాను?"

"అయ్యో, ఎంత అమాయకురాలివే! చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడకుండా దోసకాయను ఎవరైనా నమ్ముతారా? పక్కనేమో చేదుపాదు. ఇదీ చేదైతే? వచ్చే ఏడు నీ పాదులన్నీ చేదే!"

"మరేం చెయ్యను?"

"నేను లేనూ? రేపు మధ్యాహ్నం వచ్చి నేనే రుచి చూసి పెడతాలే. నీకెందుకు శ్రమ!" అని మూతి నాక్కుంటూ వెళ్ళిపోయింది.

నాంచారమ్మ కాయ పక్కనే చతికిలబడింది. నక్క నోట్లో పడ్డ కాయ మళ్ళీ బయటికొస్తుందా? వద్దంటే తననే నమిలేస్తుంది. పైగా ఆ మాటొకటి చెవిలో జోరీగలా తిరుగుతోంది. నిజంగానే చేదైతే? ఉండబట్టలేక కాయకు పన్ను ఆనించింది. అంతలోనే వెనక్కి తీసుకుంది. గాటు పడితే కాయ కుళ్ళిపోతుంది, గింజ ముదరదు.

"ఛీ, నా బుద్ధి తగలెయ్య! దాని మాట పట్టుకుని నా కాయ నేనే పాడుచేసుకుంటున్నానే!"

తిట్టుకుంటూనే ముడి విప్పింది. ఆ నార తీసుకెళ్ళి చేదుపాదుకున్న పెద్ద కాయకు కట్టింది. మంచి కాయను ఎండుటాకులతో కప్పేసింది.

మర్నాడు మధ్యాహ్నం నాంచారమ్మ పొదలో నక్కి చూస్తూ కూర్చుంది. నక్క వచ్చీ రాగానే ఎండుటాకుల అంచు మీదే కాలు పెట్టింది. ఇంకొక్క అడుగు వేస్తే అంతా అయిపోయినట్టే. ఇంతలో నక్కకు నార కనబడింది.

"కోడలు పడుకున్నట్టుంది. ముక్కెందుకు, కాయంతా చూస్తే పోలా!" అంటూ సగం కాయ ఒక్కసారే కొరికి గుటుక్కున మింగింది.

"ఓరి నాయనో! చేదు! నా నాలుక పోయిందిరో!"

నీళ్ళకోసం వాగులోకి పరుగెత్తింది. ఆ కరువులో వాగునిండా ఇసుకే.

"అదేంటి మామా, చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలని చెప్పింది నువ్వేగా!" అంది నాంచారమ్మ పొదలోంచి.

గవరయ్య మళ్ళీ ఆ ఒడ్డుకు వస్తే ఒట్టు.

పది రోజులకు తొడిమ ఎండి, మంచి కాయ దానంతటదే ఊడింది. దాన్ని చీలుస్తుంటే నాంచారమ్మకు మళ్ళీ అదే భయం. కళ్ళు మూసుకుని చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుంది. పుల్లపుల్లగా, కమ్మగా ఉంది. గింజలు బూడిదలో కలిపి ఆరబెడుతూ హాయిగా ఏడ్చేసింది.

ఇతరులకు చెప్పే జాగ్రత్త ముందు తాను పాటించనివాడికి చివరికి మిగిలేది చేదే.