చుక్కలపెట్ట నేలను తన్నిన కథ

ఒకప్పుడు కోళ్లకు నేలను గీకడమే తెలియదు నాయనలారా! కొత్తపెళ్లికూతుళ్లలా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవి. పెట్టింది తినేవి, నోరెత్తేవి కావు.

ఆ రోజుల్లో గవరమ్మ అనే ఆవిడ దగ్గర ఒక చుక్కలపెట్ట ఉండేది. అదంటే ఆవిడకు ప్రాణం. పొద్దున్నే తవుడు తడిపి ముద్ద చేసి, "తినవే తల్లీ, నీకేది మంచిదో నాకు తెలియదూ?" అంటూ దగ్గర కూర్చుని తినిపించేది.

తింటే ఏం లాభం? అది పెట్టినవన్నీ తోలుగుడ్లే! పైన పెంకు ఉండదు, వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. పొదగడానికి కూర్చుంటే చితికిపోతాయి. పాపం, మూడుసార్లు కూర్చుంది, మూడుసార్లూ ఏడ్చి లేచింది.

గవరమ్మ ముద్ద ఇంకాస్త పెద్దది చేసింది. గుడ్డు ఇంకాస్త మెత్తబడింది.

పొరుగింటి పుంజు ఊరుకుంటుందా? "ఏమమ్మోయ్, గుడ్లు పెడుతున్నావా, బూరెలు వేస్తున్నావా?" అంది.

పెట్ట నేలకు తల వాల్చింది. "భూదేవమ్మా! ఒక్క పిల్ల నా వెనకాల కీచుకీచుమంటూ నడిస్తే చాలు. నా ఒంటికి ఏదో తక్కువైంది. అది తవుడులో లేదు తల్లీ," అని మొరపెట్టుకుంది.

భూదేవి పలికింది. "నీకు కావలసినవన్నీ నా దగ్గరే ఉన్నాయే. కాకపోతే లోపలున్నాయి. కాళ్లతో గీకి ఏరుకో."

పెట్ట ఉలిక్కిపడింది. "రామరామ! నిన్ను కాలితో తన్నడమా? కళ్లు పోతాయి!"

భూదేవి పకపకా నవ్వింది. "పిచ్చిదానా! కడుపులో బిడ్డ తంతే ఏ తల్లయినా కోప్పడుతుందా? మురిసిపోతుంది గానీ!"

ఇంకేం, పెట్ట ఒక కాలితో గీకింది. నత్తగుల్ల ముక్క దొరికింది, గుటుక్కుమనిపించింది. రెండో కాలితో గీకింది. పురుగును తిన్నది, పుల్లను వదిలేసింది, తల పక్కకు వంచి చూసి ఇంకో గుల్లముక్క ఏరుకుంది.

అంతలో గవరమ్మ ముద్ద పట్టుకుని వచ్చింది. "ఓసి నీ మొహం మండ! బంగారంలాంటి తవుడు పెడితే పెంట కెలుకుతావుటే!" అని లబలబలాడింది. పెట్ట తలెత్తితేనా!

వారం తిరక్కుండానే గుడ్డు పెట్టింది. గవరమ్మ గోటితో కొట్టి చూసింది. టకటకమంది! అలాంటివి పదకొండు పోగయ్యాక పెట్ట మళ్లీ పొదిగింది. ఇరవైఒక్క రోజులకు పదకొండు పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చాయి.

గవరమ్మ చెంపలు వేసుకుంది. "నీ ఒంటి సంగతి నీకే తెలుసమ్మా," అంది.

అప్పటినుంచే, వడ్లరాశి మీద నిలబెట్టినా సరే, కోడి ముందు రెండు కాళ్లతో గీకి ఆ తర్వాతే ముక్కు ఆనిస్తుంది. నిన్న పుట్టిన పిల్ల కూడా, కాళ్లయినా సరిగ్గా నిలవకుండానే, గీకబోయి బోర్లా పడి, లేచి మళ్లీ గీకుతుంది.