ముళ్ళమొక్క పిలక

దగ్గరకు రండర్రా. వెనకవాళ్ళు కూడా ఇలా జరిగి కూర్చోండి, గోడకు ఆనుకుంటే నిద్రొస్తుంది.

ఖాసింపీరా అని ఒకాయన ఉండేవాడు. పరుపులు కుట్టడం ఆయన పని. అన్న మౌలాలిదీ అదే పని. మౌలాలి తన కూతురి పెళ్ళికి తనే కూర్చుని పరుపు కుట్టాడు. మగపెళ్ళివారంతా చూస్తుండగా ఖాసింపీరా దాన్ని నొక్కి, "ఇదేంటన్నా, పాతదూదిలా ఉందే" అని నవ్వాడు. తమాషాకే అన్నాడు. అది కొత్తదూదే. అన్న ముఖం నల్లబడింది. ఆనాటి నుంచి తమ్ముడితో మాటల్లేవు.

ఖాసింపీరాకు కంటి మీద కునుకు లేదు. ఊరిబయట దర్గాలో ఉండే దస్తగిరి బాబా దగ్గర శిష్యుడిగా చేరాడు. చేరాడేగాని కాలు ఒకచోట నిలిచేది కాదు. రోజూ సాయంత్రం అన్న అంగడికి పోయి గుమ్మంలో నిలబడేవాడు. "పాతదూది అన్నందుకు మన్నించన్నా" అనేవాడు. బేరానికొచ్చినవాళ్ళు వెంటనే పరుపులు నొక్కి చూసుకునేవాళ్ళు. "పోరా అవతలికి" అనేవాడు మౌలాలి.

"ఎంత బతిమాలినా మా అన్న కరగడేం బాబా?" అని ఖాసింపీరా ఒకరోజు అడిగాడు.

బాబా గడప వైపు చూశాడు. అక్కడ సొట్టలు పడ్డ సత్తు మగ్గులో చిన్న ముళ్ళమొక్క ఉంది. నిమ్మకాయంత గుండ్రటి తల్లిమొక్క, దాన్ని అంటిపెట్టుకుని గోలీలంత పిలకలు.

"కాస్త దీన్ని చూసుకో నాయనా" అన్నాడు.

ఖాసింపీరా భక్తిగా చూసుకున్నాడు. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని, చెంబులో మిగిలిన నీళ్ళు ప్రతిపూటా దానికే పోశాడు. పవిత్రమైన నీళ్ళు కదా అని మిగలకపోయినా మిగిల్చి పోశాడు. మధ్యమధ్య పిలకల్ని వేలితో కదిపి, వేళ్ళూనాయో లేదో చూశాడు.

కొన్నాళ్ళకు తల్లిమొక్క మెత్తబడింది. వేలు పెడితే మగ్గిన అరటిపండులోకి దిగినట్టు దిగింది.

ఖాసింపీరా మగ్గు పట్టుకుని బాబా ముందు కూలబడ్డాడు. "నేనేం తక్కువ చేశాను బాబా?"

"తక్కువేం చెయ్యలేదు."

బాబా చాకు తీసి, ఇంకా గట్టిగా ఉన్న పిలకనొకదాన్ని కోశాడు. ఈలోగా ఖాసింపీరా పరుగున పోయి కొత్తమట్టి తెచ్చాడు, చెంబుతో నీళ్ళూ తెచ్చాడు. బాబా చెంబు అందుకుని ఆ నీళ్ళు గటగటా తాగేశాడు. పిలకను నీడపట్టున గోడమీద ఊరికే పెట్టాడు.

"మట్టిలో నాటొద్దా బాబా?"

"కోసినచోట తడిగా ఉంది. ఆరనీ."

"ఎన్నాళ్ళకు ఆరుతుంది?"

"నువ్వు రోజూ నొక్కి చూస్తుంటే ఎన్నాళ్ళకూ ఆరదు."

పొద్దు వాలింది. అన్న అంగడికి పోయే వేళ. ఖాసింపీరా చెప్పులు వేసుకున్నాడు. వీధి మలుపుదాకా పోయాడు. అక్కడ కాసేపు నిలబడి, తిరిగొచ్చి, చెప్పులు విప్పి గోడపక్కన కూర్చున్నాడు. తువ్వాలు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. పిలక మీదికి చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఏం షాహీనా, చెయ్యెత్తావు? వాళ్ళన్న మాట్లాడాడా అనా?

అప్పుడే అడిగితే ఎలాగమ్మా. లేవండి, ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతున్నాయి. పోయి తినండి.