రంగత్త సరేననకముందే అల్లిన ఉచ్చు

ఈతకోన అనే అడవిలో గిజిగాళ్ళు, గోరువంకలు, ఉడుతలు, ముంగిసలు కలిసిమెలిసి బతికేవి. కొండ అవతల ఎలుకలు ఉండేవి. వాటికి గుడ్లన్నా, పక్షిపిల్లలన్నా మహా ఇష్టం. అదను చూసి ఈతకోన మీద పడేవి. అందుకని ఈ నాలుగు జాతులూ కాపలా పనిని పంచుకున్నాయి.

ఉడుతలది తిరిగే పని. అడవిలోకి కొత్తవాడు ఎవడైనా వస్తే, వాడి ఒంటిమీది ముక్క ఒకటి కొరికి నేరేడు చెట్టు దగ్గరికి తేవాలి. దాన్ని ఆనవాలు అనేవారు. గిజిగాళ్ళది ఉచ్చులు అల్లే పని. ఒక్కో గిజిగాడికి పుట్టుకతోనే ఒక్కో అల్లిక వచ్చు, రెండోది రాదు. ఎవరి అల్లిక ఆనవాలుకు సరిగ్గా బిగుస్తుందో వాళ్ళే ఉచ్చులు అల్లాలి. ముంగిసలది ఉచ్చులో పడ్డదాన్ని చంపే పని.

అయితే అల్లిక సరిపోయినంత మాత్రాన అల్లడానికి లేదు. గోరువంక ఆ ఆనవాలును తానుగా చూసి "అల్లు" అనాలి. ఎందుకంటే గోరువంకలు చిన్నప్పుడే ఒక బడిలో చదివేవి. ఈతకోనలో ఎవరి కాలు ఎలా ఉంటుందో, ఎవరి తోక ఎలా ఉంటుందో అక్కడ కంఠతా పట్టేవి. సొంతవాళ్ళను చూసి శత్రువని అరిచిన గోరువంకను ఆ బడి బయటికి పంపేది కాదు. నూరు చేరితే రెండో మూడో బయటికి వచ్చేవి. మిగిలినవి ఏమయ్యాయని ఎవరూ అడిగేవారు కారు.

మీ ఒంట్లోనూ ఇదే పద్ధతి, పిల్లలూ. రక్తంలో తిరిగే తెల్లకణాల్లో బి కణాలు ఈ గిజిగాళ్ళలాంటివి. ఒక్కోటి ఒక్కో రోగక్రిమికి సరిపడే ఉచ్చు అల్లుతుంది. టి కణాలు గోరువంకలలాంటివి. అవి సరేనంటేనే బి కణాలు పనిలోకి దిగుతాయి. ఆ మాట లేకుండా దిగితే ఏమవుతుందో వినండి.

పసుపయ్య అనే గిజిగాడు ఉండేవాడు. పనిమంతుడే. కానీ ఎన్నేళ్ళు గడిచినా ఏ ఆనవాలూ అతని అల్లికకు సరిపడలేదు. ప్రతిసారీ నేరేడు కొమ్మ మీద వరుసలో కూర్చోవడం, ప్రయత్నించడం, తల వంచుకుని ఇంటికి రావడం. తోటివాళ్ళు "ఏం పసుపయ్యా, ఈసారీ బిగుసుకోలేదా?" అని ఆటపట్టించేవారు. పైకి నవ్వేవాడు గానీ లోపల కుళ్ళిపోయేవాడు.

ఒక వానాకాలం ఎలుకలు వచ్చాయి. మొదట పడింది పసుపయ్య గూటి మీదే. ముగ్గురు పిల్లల్లో ఇద్దరిని తినేశాయి. అదే చెట్టు తొర్రలో ఉండే చారమ్మ అనే ఉడుత వాటి మీదికి ఉరికింది. చెవి చిరిగినా వదలకుండా ఒక ఎలుక కాలివేలు కొరుక్కుని వచ్చింది.

"అన్నా, నీ పిల్లలను కాపాడలేకపోయాను. ఇదొక్కటే తేగలిగాను" అని ఏడ్చింది.

ఆ వేలు చుట్టూ గిజిగాళ్ళన్నీ తమ తమ అల్లికలు వేసి చూశాయి. పసుపయ్య వేసిన ముడి ఒక్కటే చర్మం మీద గట్టిగా బిగిసింది.

గోరువంకల్లో పెద్దది రంగత్త. ఆమె వేలును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"ఆగు పసుపయ్యా. ఈ వేలు మన ఉడుత వేలులాగే ఉంది. ఇంకో ఆనవాలు రానీ. రెండు రోజులు ఓపిక పట్టు."

"రెండు రోజులా? గూట్లో ఇంకా ఒక పిల్ల ఉంది అత్తా!"

"నాకు తెలుసు నాయనా. అయినా ఆగు."

పసుపయ్య ఆగలేదు. కడుపుకోత ఒకవైపు, ఇన్నాళ్ళకు తన అల్లిక పనికొచ్చిందన్న గర్వం ఒకవైపు. తన అల్లికే వచ్చిన, రెక్కలొచ్చి వేరే గూళ్ళలో ఉంటున్న పెద్దకొడుకులను, అన్నకొడుకులను పిలిచి ఈతాకులు చీల్చమన్నాడు.

"రంగత్త సరేనందా?" అని వాళ్ళు అడిగారు.

పసుపయ్య నోటితో అబద్ధం చెప్పలేదు. తల మాత్రం ఊపాడు.

సాయంత్రానికి కోనలోని కొమ్మలన్నిటికీ ఉచ్చులు వేలాడాయి. మర్నాడు ముసురు పట్టింది. ఉడుతలు తొర్రలు దాటి రాలేదు. ఎలుకలు మాత్రం వచ్చి, ఏడు చచ్చాయి. పసుపయ్యకు కాళ్ళు కొమ్మ మీద నిలవలేదు. రంగత్త గూటి ముందుకెళ్ళి "చూశావా అత్తా?" అని రెక్కలు విదిల్చాడు. ఆమె ఉచ్చులు తీయించడానికి తక్కిన పక్షులను పోగుచేసే హడావిడిలో ఉంది.

అంతలోనే తెల్లవారి ఎండ కాసింది. ఉడుతలు ఆకలితో బయటికి వచ్చాయి. ఈతకోనలో ఉడుతలు ఎప్పుడూ ఉచ్చుల మీదుగానే పరుగెత్తేవి. మనవాళ్ళ ఉచ్చు మనకు తగలదని వాటి నమ్మకం.

పసుపయ్యకు తన చెట్టు కిందనే కీచుమన్న అరుపు వినిపించింది. వెళ్ళి చూస్తే చారమ్మ తలకిందులుగా వేలాడుతోంది.

"అన్నా, ఇది నీ అల్లికే కదా? కొంచెం విప్పు అన్నా. పిల్లలు పాలకు ఏడుస్తున్నారు" అంది చారమ్మ. ఆమె గొంతులో భయం లేదు. ఏదో చిన్న పొరపాటు జరిగింది, అన్న వచ్చాడు, విప్పేస్తాడు అనుకుంది.

పసుపయ్య ముక్కుతో లాగాడు. లాగేకొద్దీ బిగిసేలా అల్లింది తనే. ఒక్కో పోగూ కొరకడం మొదలుపెట్టాడు. మూడు పోగులు తెగాయి. ఇంకా తొమ్మిది ఉన్నాయి. పొదలోంచి ముంగిస వచ్చింది.

"వద్దు! అది చారమ్మ! మన చారమ్మ!" అని పసుపయ్య అడ్డం పడ్డాడు.

"ఉచ్చులో ఉంది కదా. ఉచ్చులో ఉన్నది శత్రువని మాకు చెప్పింది మీరే" అంది ముంగిస. దానికి తెలిసింది అంతే. పసుపయ్యను పక్కకు నెట్టి తన పని తాను చేసుకుపోయింది.

ఆ పూట పదకొండు ఉడుతలు చచ్చిపోయాయి. ఆ తర్వాతే రంగత్త ఉచ్చులన్నీ తీయించగలిగింది.

తిరిగేవాళ్ళు లేక కోన గుడ్డిదైపోయింది. ఎలుకలు పడమటి వైపునుంచి దర్జాగా వచ్చాయి. పసుపయ్య మూడో పిల్లనూ తినేశాయి. ఎవరి కోసం అతను ఆగలేకపోయాడో ఆ పిల్ల కూడా దక్కలేదు.

బతికిన ఒక ముసలి ఉడుత చివరికి ఎలుక తోక ముక్క తెచ్చింది. నున్నటి, బోడి తోక. అడివయ్య అనే కుర్ర గిజిగాడి అల్లిక దానికి బిగిసింది. అతను మాత్రం రంగత్త మాట కోసం అల్లకుండా కూర్చున్నాడు. రంగత్త ఆ ముక్కను ప్రతి తొర్రకూ తీసుకెళ్ళి, ప్రతి తోక పక్కనా పెట్టి చూసి, అప్పుడు "అల్లు" అంది. పది రోజులకు కోనలో ఎలుక అన్నది లేకుండా పోయింది. అడివయ్య ఆ ఆనవాలును మరిచిపోకుండా, తన అల్లికే వచ్చిన పిల్లలకూ దాన్ని గుర్తుపట్టడం నేర్పాడు. మరుసటి ఏడాది ఎలుకలు మళ్ళీ వస్తే, ఒక్క పూటలోనే ఉచ్చులు సిద్ధమయ్యాయి. ఒక్క గూడూ పోలేదు. అందరూ అడివయ్యను నెత్తిన పెట్టుకున్నారు.

పసుపయ్యను ఎవరూ తరిమేయలేదు. ఇక అల్లవద్దని రంగత్త చెప్పింది, అంతే. అల్లని గిజిగాడికి గూడు ఉండదు. గూడు లేనివాడికి తోడూ ఉండదు. వానొచ్చినా ఎండొచ్చినా నేరేడు కొమ్మ చివర ఒక్కడే కూర్చునేవాడు.

ఒకరోజు ఒక చిన్న ఉడుత ఏదో ఆనవాలు నోట కరుచుకుని ఆ కొమ్మ ఎక్కింది. చారమ్మ కూతురు. తల్లి చేసిన పనిలోకే కొత్తగా చేరింది. పసుపయ్యను చూసి ఆగి, ఆనవాలు కింద పెట్టింది.

"మావయ్యా, మా అమ్మను ఎలుకలే చంపాయట కదా? అందరూ అదే చెబుతారు. నువ్వు అక్కడే ఉన్నావట. అమ్మ చివర్లో ఏమంది?"

పసుపయ్య తల ఊపితే సరిపోయేది. ఈసారి ఊపలేదు.

"ఎలుకలు కాదమ్మా. నా ఉచ్చులో పడింది. విప్పమని అడిగింది. నాకు చేతకాలేదు."

ఆ పిల్ల ఆనవాలు తీసుకుని, ఇక అతని ముందు ఆగకుండా రంగత్త దగ్గరికి వెళ్ళిపోయింది.

నీతి: కోపం ఎంత న్యాయమైనదైనా, ఇంకొకరు చూసి సరేననకుండా దెబ్బ వేయకూడదు. ఆ దెబ్బ మనవాళ్ళకే తగిలితే తిరిగి తీసుకోలేం.